రంగము వలస: అక్రమ ప్రవేశ వాదము, దాని పూర్వాపరములు

శ్రీకాకుళము మొదలుకొని కాకినాడ వఱకు గల తీరగ్రామములలో, పాతతరము వారి వాడుకలో, "రంగము" అనగా రంగూను నగరము. "రంగము పోయినాడు" అనిన చాలును. ఎందులకు పోయెనో, ఎవని బాకీ తీర్చుటకు పోయెనో వినువారికి వేఱుగా చెప్పనక్కఱ లేదు. సముద్రమునకు ఆవలి ఒక పట్టణము పేరు ఒక ప్రాంతపు వాడుకలో ఇంతగా ఇంటిమాట యగుటకు వెనుక అరువది డెబ్బది సంవత్సరముల రాకపోకలు కలవు. ఆ రాకపోకలు మొదట ఎవరి అనుమతియు అక్కఱలేని ప్రయాణములుగా నుండెను. 1941 లో అవి ఒప్పందపు షరతులకు లోనయ్యెను. 1947 లో పాసుపోర్టుగాని అనుమతిపత్రముగాని లేనివానికి నేరములయ్యెను. ఒకే మనిషి ఒకే రేవునుండి ఒకే రేవునకు చేసిన ప్రయాణము ఇరువది యేండ్లలోపల సక్రమమై యుండి అక్రమమైనది.

అనుమతి లేక ఒక దేశమున ప్రవేశించినవారిని గూర్చియు, వారివలన సమాజమునకు కలుగు మేలుకీడులను గూర్చియు నేడు ప్రపంచమున అనేక దేశములలో తీవ్రమైన వాదము నడచుచున్నది. ఆ వాదమున ఒక పక్షమువారు స్థానికుల జీవనోపాధి, భూమి, సంస్కృతి నశించుచున్నవందురు. రెండవ పక్షమువారు వలసవచ్చినవారి శ్రమవలననే ఆ దేశము సంపన్నమైనదందురు. ఈ రెండు వాదములును ఆంధ్రుల చరిత్రకు అన్యములు కావు. బర్మా దేశమున మనవారే ఈ వాదమునకు విషయమైరి. అందుచేత ఆ చరిత్రను మూడు ప్రశ్నలు ముందుంచుకొని పరిశీలింప దలచితిమి. ఈ వలస ఎట్లు ఏర్పడెను? బర్మీయుల ఆక్షేపణలలో సత్యమెంత? సక్రమ నివాసి యెవడు, అక్రమ ప్రవేశి యెవడు అను విభాగము ఏ ప్రమాణముతో జరిగెను, దానివలన ఏమి ఫలితము కలిగెను? బర్మాకు 1989 లో మయన్మార్ అనియు, రంగూనునకు యాంగోన్ అనియు అధికార నామములు వచ్చినను, ప్రస్తుతాంశమునకు చెందిన కాలమునుబట్టి పాతపేర్లనే వాడుచున్నాము.

1. వలస స్వరూపము

బర్మా మూడు యుద్ధముల ఫలముగా ఆంగ్లేయుల వశమయ్యెను. 1824-26 నాటి యుద్ధముతో అరకాను, టెనాసెరిం సీమలును, 1852 నాటి యుద్ధముతో పెగూ సీమయు, 1885 నాటి యుద్ధముతో మాండలే రాజధానిగా గల ఎగువ బర్మాయు వారికి లోబడినవి. 1886 మొదలు 1937 మార్చి నెలాఖరు వఱకు బర్మా యంతయు బ్రిటిషు ఇండియాలోని భాగము. ఈ యంశము మన విచారమునకు మూలాధారము. బ్రిటిషు ఇండియా దాటి సముద్రముపై పోవుటయే ఆనాటి చట్టదృష్టిలో దేశాంతర వలస. కావున నేటాలునకో మారిషసునకో పోవు కూలి విషయమున ఒప్పందపత్రము, సంరక్షకాధికారి, వైద్యపరీక్ష మున్నగు ఏర్పాట్లు ఉండగా, రంగూనునకు పోవు కూలికి అట్టివి లేవు. 1922 నాటి వలసచట్టము కూడ బర్మా ప్రయాణమునకు వర్తింపలేదు. చట్టము వానిని ఆపలేదు, చట్టము వానిని కాపాడను లేదు. అతడు వచ్చినట్లు తెలుపు వ్యక్తిగత పత్రమేదియు అతని చేతికి చేరలేదు. ఈ లోపము తరువాతి కాలమున ఎంత ప్రమాదకరమయ్యెనో ముందు చూతుము.

1869 లో సూయజు కాలువ తెఱువబడిన పిమ్మట ఐరావతీ డెల్టాలోని బియ్యమునకు ఐరోపాలో గిరాకి హెచ్చెను. అడవులును చిత్తడినేలలును మాగాణులయ్యెను. ఎగువ బర్మానుండి దిగివచ్చిన బర్మీయ రైతులే ప్రధానముగా ఆ నేలలను సాగులోనికి తెచ్చిరి. ఈ విషయమును మనవారు తఱచు మఱతురు. కాని పండిన ధాన్యమును మరలలో ఆడించుటకు, మూటలను ఓడలకెత్తుటకు, నగరమున రిక్షాలు లాగుటకు, వీధులూడ్చుటకు వేలకొలది మనుషులు కావలసివచ్చిరి. ఆ మనుషులను గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలములు పంపినవి. జమీందారీ గ్రామములలో భూమిలేనివారి సంఖ్య అధికము, కూలి స్వల్పము, అప్పు శాశ్వతము. 1889 నాటి గంజాము కఱవువంటి విపత్తులు దీనికి తోడయ్యెను. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము, బారువ, గోపాలపురము రేవులనుండి ఓడ యెక్కిన కొలదిదినములకు రంగూను చేరవచ్చును. పొగయోడల కంపెనీలకు డెక్కుపై కూర్చుండి పోవు కూలివాడు నమ్మకమైన రాబడి.

బర్మాలో తెలుగువారిని "కోరంగీలు" అనిరి. గోదావరీ ముఖద్వారమందలి కోరంగి ఒకప్పుడు ఓడల నిర్మాణమునకును, తూర్పు దేశముల వర్తకమునకును పేరుపొందిన రేవు. 1839 నాటి తుపాను ఆ పట్టణమును ధ్వంసము చేసెను. ఒండ్రుమట్టి పూడికచే రేవు క్షీణించెను. వర్తకము కాకినాడకు తరలెను. కోరంగి చితికిపోయిన పిమ్మట కూడ దాని పేరు సముద్రమునకు ఆవల ఒక జాతివాచకమై నిలిచినది. మొదట ఊరుపేరుగా పుట్టిన ఆ మాట క్రమముగా తక్కువచూపును సూచించు మాటగా దిగజాఱెను. భారతదేశమునుండి వచ్చిన వారినందఱిని కలిపి బర్మీయులు "కలా" అనిరి. తమిళ దేశపు వడ్డీవ్యాపారి, బెంగాలీ గుమాస్తా, పంజాబీ సిపాయి, తెలుగు కూలి అందఱును ఆ యొక్క మాటలో ఇమిడిరి. ఈ పదైక్యము వాదమును ఎట్లు పెడదారి పట్టించెనో గమనింపదగును.

వలసకు ఇరుసువంటివాడు మేస్త్రీ. ఈ పదము పోర్చుగీసు భాషనుండి మనకు వచ్చినది. మేస్త్రీ స్వగ్రామమునకు వచ్చి ఓడచార్జీయు, ఇంటి ఖర్చునకు కొంత సొమ్మును బయానాగా ఇచ్చి మనుషులను కూడగట్టును. రంగూనులో ఓడసరుకుల గుత్తదారుడు కూలిసొమ్మును మేస్త్రీకి ముట్టజెప్పును. మేస్త్రీ తన పాలు, బాకీ, వడ్డీ మినహాయించుకొని మిగిలినది కూలికి ఇచ్చును. కూలివాడు నివసించు గదియు తఱచు మేస్త్రీ అదుపులోనిదే. ఇరుకు గదులలో పరిమితిని మించిన మనుషులు వంతులవారీగా నిద్రించెడివారు. 1931 లో నివేదిక సమర్పించిన రాయల్ లేబరు కమిషనును, 1933 లో "ఇండియన్ లేబర్ ఇన్ రంగూన్" అను గ్రంథమును వెలువరించిన ఆండ్రూ అను అధికారియు ఈ దురవస్థను వర్ణించియున్నారు. పోయినవారిలో అత్యధికులు పురుషులు. కొన్ని సంవత్సరములు పనిచేసి, అప్పు తీర్చి, ఇంటికివచ్చి, మఱల పోవుట వారి ఆచారము. కావున వీరి వలస ఒకమాఱు జరిగి ముగిసిన ప్రయాణము కాదు, ఏటేటి పోటుపాటులవంటిది.

2. ఆక్షేపణలు, అల్లరులు

1931 జనాభా లెక్కల ప్రకారము బర్మా జనసంఖ్య 1,46,67,146. అందు భారతీయులు 10,17,825 మంది, అనగా నూటికి ఏడుగురు. తెలుగువారు లక్షన్నరకు పైగా నుండిరి. భారతీయులలో ఆఱు లక్షలకు పైగా బర్మా వెలుపల పుట్టినవారు. తక్కినవారు బర్మాలోనే పుట్టినవారు. కాని రాజధాని లెక్క వేఱు. రంగూను జనసంఖ్య దాదాపు నాలుగు లక్షలు; అందు సగమునకు పైగా భారతీయులే. దేశమునంతను చూచిన గణకునకు ఏడుపాళ్లుగా కనబడినది రాజధాని వీధిలో నడచిన బర్మీయునకు సగముగా కనబడెను. తన దేశపు ముఖ్యనగరమున తాను అల్పసంఖ్యాకుడనైతినను బాధ అతనికి కలుగుట సహజము. దానిని కేవలము ద్వేషమని కొట్టివేయుట చరిత్రకారునకు తగదు.

1929 లో ప్రపంచవ్యాప్తమైన ఆర్థికమాంద్యము మొదలయ్యెను. ధాన్యపు ధర పడిపోయెను. డెల్టా రైతు అప్పు తీర్చలేక భూమిని పోగొట్టుకొని పనికై నగరమునకు వచ్చెను. అంతకుముందు ఎవరి పనిలో వారుండిన ఇరువురు శ్రామికులు ఒక్క రేవుగట్టుపై ఎదురుపడిరి. 1930 మే నెలలో రంగూను రేవునందలి తెలుగు కూలీలు కూలి పెంపునకై సమ్మె చేసిరి. ఆ నెల 5 వ తేదీననే పెగూ, రంగూను నగరములను భూకంపము కుదిపి యుండెను. గుత్తదారులు సమ్మెను విఱుచుటకై బర్మీయులను పనిలో పెట్టుకొనిరి. కొలదిరోజులకు తెలుగు కూలీలతో రాజీ కుదిరెను. మే 26 వ తేదీ ఉదయమున ఇరువర్గముల వారును పనికి వచ్చిరి; బర్మీయులకు ఇక పని లేదని తెలిసెను; పరిహాసములు చెలరేగెను; పిమ్మట కొట్లాట. కొన్ని దినములపాటు సాగిన ఆ హింసలో నూఱుమందికి పైగా మరణించిరి. మృతులలో తెలుగువారే అధికులు.

ఈ ఘటనలో పాత్రధారులను వేఱుచేసి చూడవలెను. సమ్మె చేసిన తెలుగువాడు న్యాయమైన కూలి నడిగెను. పనికి వచ్చిన బర్మీయుడు తన దేశమున తనకు పని కావలెననెను. ఈ ఇరువురిని ఎదురెదురుగా నిలిపి, చౌకగా దొరకినవారిని వాడుకొని, అక్కఱ తీఱగానే పంపివేసినవారు గుత్తదారులును ఓడల కంపెనీలును. వారు అల్లరిలో దెబ్బ తినలేదు. తరువాతి వాదములలో కూడ వారి పేరు విశేషముగా వినరాలేదు.

ఆ సంవత్సరముననే "దోబమా అసియాయోన్" అను జాతీయసంస్థ పుట్టెను. "మనము బర్మీయులము" అని ఆ పేరునకు తాత్పర్యము. 1930 డిసెంబరులో సయా సాన్ నాయకత్వమున రైతుల తిరుగుబాటు ప్రారంభమయ్యెను. భూమి విషయమున రైతుల వ్యథ యథార్థమైనది. దిగువ బర్మాలో వరి పండు పదుమూడు ముఖ్యమండలములందలి సాగుభూమిలో చెట్టియార్ల చేతికి వచ్చిన భాగము 1930 లో నూటికి 6 వంతులు. 1938 నాటికి అది 25 వంతులయ్యెను. అప్పిచ్చినవాడు భూమిని కోరి తీసికొనెనా, సొమ్ము రాక తీసికొనెనా అను వాదము వేఱు. భూమి చేయిదాటిన రైతునకు ఆ భేదముతో పనిలేదు.

కాని ఇచ్చట ఒక తర్కదోషము ప్రవేశించెను. భూమిని గూర్చిన ఆక్షేపణ నాట్టుకోట చెట్టియార్ల మూలధనమునకు సంబంధించినది. పనిని గూర్చిన ఆక్షేపణ తెలుగు కూలికి సంబంధించినది. మొదటివాడు వేలకొలది ఎకరములకు ప్రభువు, రెండవవాడు నిద్రించుటకు చాపెడు చోటు లేనివాడు. "కలా" అను ఒక్కమాటచే ఈ ఇరువురును ఒక్కరైరి. ధనికునిపై పుట్టిన కోపము వీధిలో దొరకిన బీదవానిపై తీఱెను. ఏ దేశమునందైనను వలసను గూర్చిన వాదములో ముందుగా అడుగవలసిన ప్రశ్న ఇదియే: ఏ కష్టము ఎవరివలన కలిగెను?

మూడవ ఆక్షేపణ కుటుంబమునకు సంబంధించినది. పురుషులే వచ్చిన వలసలో స్థానిక స్త్రీలతో వివాహములు జరుగుట సామాన్యము. స్వదేశమున భార్య యుండగా అక్కడ మఱియొకతెను కట్టుకొనుట, మతచట్టముల భేదమువలన ఆ స్త్రీకి వారసత్వము దక్కకపోవుట మున్నగు అన్యాయములు జరిగినవి. 1938 జులైలో ఒక ముస్లిము రచయిత గ్రంథము నెపముగా రంగూనులో చెలరేగిన అల్లరులకు వెనుక ఈ వివాహ సమస్యయు నుండెను. 1939 లో బౌద్ధస్త్రీల వివాహ వారసత్వములను గూర్చి ప్రత్యేక చట్టము చేయబడెను. ఈ ఆక్షేపణలో న్యాయము లేదని మేము అనజాలము.

3. విచారణ, ఒప్పందము

1937 ఏప్రిలు 1 వ తేదీన బర్మా ఇండియానుండి విడివడెను. రాకపోకలపై మూడు సంవత్సరముల వఱకు ఆంక్షలుండరాదని అప్పుడు ఏర్పాటు చేయబడినది. 1938 అల్లరులను విచారించిన సంఘము వలస విషయమును ప్రత్యేకముగా పరిశోధింపవలెనని సూచింపగా, ప్రభుత్వ ఆర్థిక సలహాదారుడగు జేమ్స్ బాక్‌స్టర్‌కు 1939 లో ఆ పని అప్పగింపబడెను. ఆయన నివేదిక 1941 లో ప్రకటితమయ్యెను.

భారతీయ శ్రమ బర్మీయ శ్రమను త్రోసివేయలేదు, దానికి పూరకముగా నుండెనని బాక్‌స్టర్ నిర్ణయించెను. బర్మీయుడు విడిచిన పనిని, లేదా చేయనొల్లని పనిని భారతీయుడు చేసెననియు, ఇరువురు పోటీపడిన తావులు మాంద్యమువలన ఏర్పడినవి గాని వలస స్వభావమువలన ఏర్పడినవి కావనియు దాని తాత్పర్యము. అయినను మున్ముందు రాకపోకలను రెండు ప్రభుత్వములును ఒప్పందముచే క్రమబద్ధము చేయుట మంచిదని ఆయన భావించెను. వాదము వేడెక్కినపుడు లెక్కలు తీయించుట ప్రశంసనీయమైన పద్ధతి. కాని ఆ లెక్కలు ప్రజల మనస్సునకు చేరినవా యనిన, చేరలేదనియే చెప్పవలసియున్నది. పూరకమను మాట ఆర్థికశాస్త్రమున నిజమైనను, పని దొరకని మనిషికి అది ఊఱట కాదు.

1941 లో బర్మా ప్రధాని ఊ సా ప్రభుత్వమునకును, గిరిజాశంకర వాజపేయి నాయకత్వము వహించిన భారత ప్రతినిధివర్గమునకును వలస ఒప్పందము కుదిరెను. ఇకమీదట వచ్చువారికి పాసుపోర్టుపై వీసాగాని అనుమతిపత్రముగాని ఉండవలెను. నైపుణ్యము లేని కూలీల సంఖ్యకు పరిమితి విధింపబడును. ఇదివఱకే ఉన్నవారు పుట్టుకనుబట్టియు నివాసకాలమునుబట్టియు తరగతులుగా విభజింపబడుదురు. బర్మీయ స్త్రీలతోడి సంబంధమును గూర్చిన షరతులు సైతము అందు చేర్చబడెను. బర్మాలోని భారతీయుల అభిప్రాయమును సరిగా తెలిసికొనక చేసిన ఈ ఒప్పందముపై తీవ్రమైన అసమ్మతి చెలరేగెను. గాంధీమహాత్ముడు దానిని గట్టిగా ఖండించెను.

మా అభిప్రాయమున ఆ ఒప్పందమును రెండు భాగములుగా విడదీసి తూచవలెను. ఇకమీదట వచ్చువారి సంఖ్యను నిర్ణయించు అధికారము బర్మాకు కలదు. ఆ హక్కును ఏ దేశమునకును కాదనలేము. అచ్చటనే పుట్టినవారికిని చిరకాలముగా నున్నవారికిని వేఱు స్థానము కల్పించుటయు న్యాయమార్గమే. కాని ఆ స్థానమును నిరూపించుకొను భారము నివాసిమీదనే పడినది. పత్రములు లేకుండ రానిచ్చిన ప్రభుత్వమే పత్రములు చూపుమనెను. ఈ ఒప్పందము పూర్తిగా అమలులోనికి రాకమునుపే యుద్ధము వచ్చిపడెను.

4. పలాయనము, పౌరసత్వము

1941 డిసెంబరు 23 వ తేదీన జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసెను. రేవుకూలీలు, పారిశుద్ధ్యపు పనివారు ప్రాణభయమున నగరము విడిచిరి. ఓడలలో సరకు కదలలేదు, వీధులలో చెత్త తొలగలేదు. అంతకుముందు పదియేండ్లుగా ఎవరి సంఖ్య అధికమని వాదము జరిగెనో, వారినే నగరమునకు మఱల్చుటకు అధికారులు పాట్లు పడిరి. బాక్‌స్టర్ పుటలలో చెప్పిన పూరకశ్రమ యొక్క అర్థమును కొలది దినములు వీధిలో నిరూపించినవి.

ఓడలు దొరకనివారు నడచిరి. ప్రోమునుండి తౌంగుప్ కనుమ దాటి అరకాను తీరమునకు కొందఱు, మాండలేనుండి తామూ మీదుగా మణిపురమునకు కొందఱు, హుకాంగ్ లోయగుండ అస్సామునకు మఱికొందఱు సాగిరి. సుమారు నాలుగైదు లక్షలమంది భారతదేశము చేరిరని అంచనా. కలరాచేతను, మలేరియాచేతను, ఆకలిచేతను దారిలో అనేకవేలమంది మరణించిరి. ఐరోపీయులకొక దారి, భారతీయులకొక దారి యేర్పఱచిరని జాతీయనాయకులు ప్రభుత్వమును నిందించిరి. మా విచారమునకు ముఖ్యమగు విషయ మొకటి కలదు. ఇల్లు, పనిముట్లు, పొదుపుసొమ్ము ఎట్లు పోయినవో, ఏ కొద్దిపాటి రశీదులో ఉత్తరములో ఉండెనో అవియు అట్లే పోయినవి. నివాసమునకు సాక్ష్యమిచ్చు కాగితములు కొండదారులలో నశించినవి.

యుద్ధానంతరమున మఱలిపోవ దలచినవారికి 1947 జూనులో చేయబడిన బర్మా వలస అత్యవసర చట్టము ఎదురయ్యెను. చెల్లుబాటగు పాసుపోర్టు వీసాగాని అనుమతిపత్రముగాని లేక విదేశీయుడెవ్వడును ప్రవేశింపరాదని దాని శాసనము. ఇరువది యేండ్లు రంగూను రేవులో మూటలు మోసి, బాంబులకు వెఱచి పోయి, శాంతి కలిగిన పిదప తిరిగి రాదలచినవాడు తాను పూర్వము అక్కడ ఉన్నట్లు నిరూపింపవలసివచ్చెను. నిరూపింపలేక, పాత అలవాటుచొప్పున ఏదో ఒక దారిని చేరినచో అతడు అక్రమ ప్రవేశి. చట్టపు మాటలో అతనికిని, ఎన్నడును బర్మాను చూడక క్రొత్తగా దొంగచాటున దిగినవానికిని భేదము లేదు. న్యాయదృష్టిలో మాత్రము ఆ భేదము మిక్కిలి పెద్దది.

1948 జనవరి 4 వ తేదీన బర్మా స్వతంత్రమయ్యెను. 1947 నాటి రాజ్యాంగము వలసవచ్చినవారికి ద్వారమును పూర్తిగా మూయలేదు. బ్రిటిషు రాజ్యమున పుట్టి, స్వాతంత్ర్యమునకుగాని 1942 జనవరి 1 వ తేదీకిగాని ముందటి పదియేండ్లలో ఎనిమిదియేండ్లకు తక్కువగాక బర్మాలో నివసించి, అచ్చటనే స్థిరముగా ఉండదలచినవారు పౌరసత్వమును కోరుకొనవచ్చును. షరతు ఉదారమైనదే. కాని కోరుకొనుటకు దరఖాస్తు, దరఖాస్తుకు సాక్ష్యము, సాక్ష్యమునకు కాగితము కావలెను. చదువురాని కూలికి ఇవన్నియు కొండలు. రెండుమూడేండ్లకొకమాఱు ఇంటికి వచ్చిపోవు ఆచారముగలవానికి ఎనిమిదియేండ్ల లెక్క చూపుట మఱింత కష్టమని మేము ఊహించుచున్నాము. దీనికితోడు, తాము ఏ దేశపువారమను నిర్ణయమును వెంటనే చేయలేకపోయినవారును చాలమంది. భార్యాబిడ్డలు ఇచ్చట, జీవనము అచ్చట. అర్హతగలవారిలో అనేకులు దరఖాస్తు పెట్టలేదు. పెట్టినవారి దరఖాస్తులు అనేకము సంవత్సరములకొలది తేలలేదు. మిగిలినవారు విదేశీయులుగా నమోదుపత్రములు పుచ్చుకొని జీవించిరి.

1962 మార్చిలో నే విన్ సేనాని అధికారమును కైకొనెను. 1964 లో దుకాణములు జాతీయము చేయబడెను. ఆ సంవత్సరము మే నెలలో ఏబది, నూఱు చ్యాట్ల నోట్లు రద్దయ్యెను. బ్రతుకుతెరువు పోయినవారిని భారతప్రభుత్వము ఓడలు పంపి రప్పించెను. లక్షన్నరకు పైగా భారతీయులు ఆ దశాబ్దమున మఱలి వచ్చిరి. విశాఖపట్టణమున వారికై ఏర్పడిన నివేశము "బర్మా క్యాంపు" అను పేర నేటికిని పిలువబడుచున్నది. అచ్చట "కోరంగీలు" అనిపించుకొనినవారు ఇచ్చట "బర్మావారు" అనిపించుకొనిరి. ఈ రెండు పేర్లును వారు కోరుకొనినవి కావు.

5. నిర్ణయము

ఈ చరిత్రనుండి తేలు అంశములను క్రోడీకరింతము. మొదటిది, సమాజముపై వలస ప్రభావము సత్యము. దానిని లేదనుట అసత్యము. రంగూనులో కూలిరేట్లు, నివాసపు ఇరుకు, స్త్రీపురుష సంఖ్యా వైషమ్యము, నగరవృత్తులలో బర్మీయులకు చోటు దక్కకపోవుట వాస్తవములు. బర్మాలో చిరకాలము అధికారిగా నుండిన ఫర్నివాల్ 1948 లో ప్రకటించిన గ్రంథమున ఇట్టి సమాజమును బహుళసమాజమని వ్యవహరించెను. అందు భిన్నజాతులు అంగడిలో కలిసికొనునేగాని ఒక్క సంఘముగా ఏకము కావని ఆయన భావము. ఆ విభజన వలసకూలి సృష్టి కాదు. చౌకశ్రమయే పరమావధిగా నడచిన పాలనకును వర్తకమునకును అది ఫలము.

రెండవది, మనవారి రచనలలో తఱచు కనబడు ఏకపక్షదృష్టి. రంగూను తెలుగువారి కష్టములను మనము చెప్పుకొందుము. బర్మీయ రైతు కష్టమును చెప్పుకొనము. 1930 మే నెలలో చంపబడిన తెలుగు కూలిని తలచునపుడు, అదే సంవత్సరము భూమి పోయి తిరుగుబాటులో చేరిన డెల్టా రైతునుగూడ తలచిననాడే మన చరిత్ర సమగ్రమగును.

మూడవది, బహిష్కారము సమస్యను తీర్చినదా యను ప్రశ్న. తెలుగువారును తమిళులును లక్షలుగా వెడలిపోయిన పిమ్మట కూడ బర్మాలో వాదము అంతము కాలేదు. అక్రమనివాసులను ఏరివేయుదుమను పేర 1978 లో జరిగిన చర్యవలన రెండు లక్షలకు పైగా రోహింగ్యాలు బంగ్లాదేశమునకు పాఱిపోయిరి. 1982 నాటి పౌరసత్వ చట్టము 1823 వ సంవత్సరమునకు పూర్వమునుండి దేశమున నున్న జాతులనే సహజపౌరులుగా గణించెను; అనగా మొదటి ఆంగ్లో-బర్మీయ యుద్ధమునకు ముందునాటి స్థితిని ప్రమాణముగా గైకొనెను. 2017 లో ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు మఱల సరిహద్దు దాటిరి. ఒక వర్గము పోగా ఆ వాదము మఱియొక వర్గమును వెదకుకొనినది. ధాన్యపు ధర, రైతు ఋణము, శ్రమకు తగిన కూలి అను మూలకారణములు మాత్రము మనుషులను పంపివేసినంత మాత్రమున తీఱలేదు.

నాలుగవది, ఈ విషయమున మనము సర్వదా వలసపోయినవారి పక్షముననే లేము. స్వతంత్ర భారతము తానే 1950 లో అస్సామునకై వలసదారుల బహిష్కరణచట్టమును చేసినది. 1985 నాటి అస్సాము ఒప్పందము 1971 మార్చి 24 ను హద్దుగా నిర్ణయించెను. 2019 ఆగస్టులో వెలువడిన పౌరుల జాబితాలో 19 లక్షలకు పైగా దరఖాస్తుదారుల పేర్లు చేరలేదు. అస్సామీయుల భాషాభూముల భయమును బర్మీయుల భయముతో పోల్చి చూడవచ్చును. తాతనాటి కాగితమునకై వెదకుకొను బీదవాని అవస్థను 1948 నాటి తెలుగు కూలి అవస్థతో పోల్చి చూడవచ్చును. రెండు పోలికలను గూడ ఒక్కచూపున పట్టగలవానికే ఈ వాదమున తీర్పుచెప్పు యోగ్యత కలుగును.

దేశమునకు తన ద్వారముపై అధికారము కలదు. అయితే ఆ అధికారము రాబోవువారి విషయమున ఒకరీతిగను, తాను పిలిచియో ఉపేక్షించియో లోనికి రానిచ్చి తరములు పనిచేయించుకొనినవారి విషయమున వేఱొకరీతిగను వర్తింపవలెను. ఈ భేదమును 1941 లోను, 1947 రాజ్యాంగములోను గుర్తించియు, ఆచరణలో కాగితమునకు కట్టుబడి విడిచిపెట్టుటయే బర్మా వ్యవహారమున జరిగిన ప్రధానలోపమని మా నిశ్చయము.

ఈ రంగమున తెలుగుశాఖలు చేయవలసిన కార్యము మిగిలియున్నది. చట్టములును కమిషను నివేదికలును ఆంగ్లమున భద్రముగా నున్నవి. రంగము పోయినవాని మాట, అతని భార్య మాట తెలుగులో నున్నవి. అవి అచ్చుకెక్కినది స్వల్పము. తీరగ్రామములందలి వలసపాటలు, ఇంటింట దాచిన ఉత్తరములు, మనియార్డరు రశీదులు, విదేశీయ నమోదుపత్రములు, బర్మాలో పుట్టి బాల్యముననే తిరిగివచ్చినవారి జ్ఞాపకములు సేకరింపదగినవి. ఆ తరమువారు నేడు వృద్ధులై యున్నారు. పరిశోధక విద్యార్థులు శ్రీకాకుళ, విజయనగర, విశాఖపట్టణ, కాకినాడ మండలములను పంచుకొని ఊరూరను ఈ సామగ్రిని కూర్పవలెనని మా విన్నపము. ఆనాడు కాగితము లేనందుననే వారు అక్రమ ప్రవేశులైరి. నేడైనను వారినిగూర్చిన కాగితములను మనము సమకూర్చుట ధర్మము.